కెమెరా మన గుమ్మానికే, ఎదురింటికి కాదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. గుమ్మం మీద కెమెరా బిగిస్తే ఎదురింటి అరుగే కాదు, తలుపు తీసినప్పుడల్లా వాళ్ల నడవా కూడా అందులో పడుతుంది. ముందు కెమెరా తలను కిందికి వంచండి, మన మెట్లు, బండి నిలిపే చోటు కనిపిస్తే చాలు. అప్పటికీ ఎదురిల్లు పడుతుంటే యాప్ సెట్టింగుల్లో ‘ప్రైవసీ మాస్క్’ ఉందేమో చూడండి. వాళ్ల తలుపు, కిటికీ ఉన్నచోట వేలితో గడి గీస్తే అంతమేరా నల్లగా మూసుకుపోతుంది. తిరిగే కెమెరా అయితే ఒకసారి పక్కకు తిప్పి, వెనక్కి తెచ్చి చూడండి, కొన్నిటిలో ఆ గడి జారిపోతుంది. రాత్రి చిత్రమూ చూడాలి. దగ్గర్లో తెల్లగోడ ఉంటే చీకట్లో చూడటానికి కెమెరా వేసే, కంటికి కనిపించని పరారుణ కాంతి దానిమీద పడి తిరిగొచ్చి, చిత్రమంతా పాలిపోతుంది.

మైకు మాత్రం తప్పక ఆపేయండి. దొంగ ముఖం కావాలి గానీ, పక్కింటి అత్తాకోడళ్ల మాటలు మనకెందుకు?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. అంతదాకా పోనక్కర్లేదు. బిగించిన రోజే ఎదురింటివారిని పిలిచి, “పిన్నిగారూ, ఇదిగో, ఇంతవరకే కనిపిస్తుంది” అని ఫోనులో చూపించండి. ఒడియావారైతే ఒడియాలోనే చెప్పండి.