నీళ్ల మోటార్ మూలుగుతోంది, తిరగడం లేదు: ఏం చేయాలి?

స్విచ్ వేయగానే 'బుంయ్'మని మూలిగి ఊరుకుందంటే చాలావరకు మోటార్ ఇంకా కాలి ఉండదు. అయితే మళ్లీ మళ్లీ స్విచ్ వేస్తే మాత్రం కాలుతుంది. షాఫ్ట్ (తిరిగే ఇరుసు) తిరగనప్పుడు వైండింగ్ (లోపలి తీగచుట్ట) మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది మరి. ఇళ్లలో వాడే అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోనోబ్లాక్‌ల (మోటారూ పంపూ ఒకే బాడీగా ఉండేవాటి) సంగతి ఇది.

ముందు ఎంసీబీ దించి, ప్లగ్గు పీకేయండి. వెనక ఫ్యాన్ కవర్ విప్పి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది.

తేలిగ్గా తిరిగితే మొదటి అనుమానం మోటార్ తిరగడం మొదలెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్ మీదే. ముట్టుకునే ముందు ఫిలమెంట్ బల్బు పెట్టిన హోల్డర్ తీగలు దాని రెండు కొసలకూ తాకించి, మిగిలిన చార్జ్ పోనివ్వండి. ఉబ్బి ఉంటే కొలవక్కర్లేదు, మార్చేయండి. మైక్రోఫారడ్‌లు పాతదానికి సమానంగా ఉండాలి, వోల్టేజీ తగ్గకూడదు.

అసలు కదలకపోతే, అందులోనూ చాలా రోజులు వాడకుండా వదిలేసి ఉంటే, అది తుప్పే. సెల్ఫ్ ప్రైమింగ్ పంపులో ఇత్తడి ఇంపెల్లర్‌కీ (నీళ్లను తోసే చక్రానికీ) పోత ఇనుము కేసింగ్‌కీ మధ్య సందు వెంట్రుకవాసి ఉంటుంది. షాఫ్ట్ వెనక కొసన గాడి ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపండి. ఫ్యాన్ రెక్కలు పట్టుకుని బలం చూపిస్తే విరుగుతాయి. అయినా లొంగకపోతే వాల్వులు కట్టేసి ముందు కేసింగ్ విప్పి తుప్పు గీకండి. ఇంపెల్లర్‌ను మాత్రం అరగదీయొద్దు. సందు పెరిగితే నీళ్లు పైకెక్కవు.

తిరుగుతూ గరగరలాడినా, షాఫ్ట్ పైకీ కిందికీ ఊగినా బేరింగ్ పోయినట్టే. విప్పేముందు కవర్లకీ బాడీకీ కలిపి గీత పెట్టుకోండి. పాత బేరింగ్‌ను పుల్లర్‌తో లాగి, అంచు మీది నంబర్ చూడండి. 6202 అంటే లోపలి రంధ్రం 15 మి.మీ., బయటి వ్యాసం 35 మి.మీ. కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఆనే గొట్టం ముక్క పెట్టి సుత్తితో మెల్లగా కొట్టండి. బయటి రింగు మీద కొడితే గోళీలు నడిచే దారి సొట్టపడుతుంది, కొత్త బేరింగ్ కూడా మోత పెడుతుంది.

పంపు వైపు బేరింగ్ తుప్పు పట్టి ఉందా? అయితే నీళ్లు మోటార్ వైపు రాకుండా ఆపే వాటర్ సీల్ కారుతోంది. దాన్ని వదిలేసి బేరింగ్ ఒక్కటే మార్చడం బూడిదలో పోసిన పన్నీరే.

వైండింగ్ నల్లబడి కాలిన వాసన వస్తున్నా, మల్టీమీటర్‌లో తీగకీ బాడీకీ కలిసినట్టు చూపిస్తున్నా ఇక రివైండింగ్ షాపుకే.

అన్నీ బిగించాక చేత్తో ఒకసారి తిప్పి చూసి, పంపు నిండా నీళ్లు పోసి అప్పుడు స్విచ్ వేయండి. పొడిగా తిప్పితే కొత్త సీల్ కాసేపటికే మాడిపోతుంది.