డాప్లర్ బండి గాలిని తప్పుగా చూపిస్తోందా? కోనసీమలో ముందు ఇవి చూడండి

తుఫాను టైమ్‌లో ఎక్స్‌బ్యాండ్ (3 సెంటీమీటర్ల తరంగాలతో దూరం నుంచే గాలి వేగం కొలిచే) డాప్లర్ రాడార్ బండేసుకుని కోనసీమలో దిగితే రీడింగ్ తేడా కొట్టడం మామూలే, కాకపోతే సగం సార్లు తప్పు మిషన్‌ది కాదు, బండి నిలబెట్టిన తీరుదే.

గాలి బాగా గట్టిగా ఉన్నచోటే రంగు తిరగబడుతోంది

తెర మీద రంగు గాలి మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా చెబుతుంది. ఇది ఫోల్డింగ్, అంటే కొలిచే హద్దు దాటిన వేగం ఎదురు దిక్కులో కనపడటం. 3 సెంటీమీటర్ల వేవ్‌లెంగ్త్‌కి సెకనుకి 2000 పల్సులు పంపితే సెకనుకి 15 మీటర్లు, అంటే గంటకి 54 కిలోమీటర్ల దాకానే సరిగ్గా కొలుస్తుంది. 90 కిలోమీటర్లతో దూరంగా పోయే గాలి, 18తో మనవైపు వస్తున్నట్టు కనపడుతుంది! అలాగని పల్సులు పెంచుకుంటూ పోతే రేంజ్ తగ్గిపోద్ది, 2000 దగ్గరే అది 75 కిలోమీటర్లు. అందుకే 2000, 1500 రెండూ మార్చి మార్చి పంపే డ్యూయల్ పీఆర్ఎఫ్ (రెండు పల్సు రేట్ల పద్ధతి) పెట్టండి, హద్దు గంటకి 162 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా తప్పులు మిగుల్తాయి, పక్క గేట్లతో, అంటే పక్కనున్న కొలత గడులతో, పోల్చి సరిచేసుకోవాలి.

వాన మేఘాలు మ్యాప్‌లో పక్కకి జరిగాయి, లేదా ఒకవైపు బీమ్ (రాడార్ కిరణం) పైకి లేచింది

మొదటిది హెడింగ్ (బండి ముఖం ఉన్న దిక్కు) తప్పు. బండి ఇనుము పక్కన మామూలు దిక్సూచిని నమ్మొద్దు, సూర్యుడి వైపు స్కాన్ చేసి దిక్కు సరిచూడండి, మబ్బున్నా ఆ సిగ్నల్ వస్తుంది. 5 డిగ్రీల తేడా అంటే 40 కిలోమీటర్ల దూరంలో మూడున్నర కిలోమీటర్లు పోయినట్టే. రెండోది మన ఒండ్రు నేల మహిమ: సాయంత్రం లెవెల్ చేసిన జాకీ తెల్లారేసరికి దిగిపోద్ది. జాకీల కింద వెడల్పాటి చెక్కపలకలు వేసి, వాన పడ్డ ప్రతిసారీ లెవెల్ మళ్లీ చూడాలి.

కింది స్కాన్‌లో గాలి దాదాపు సున్నా

కొబ్బరి తోటలు. ఊగే మట్టలని క్లట్టర్ ఫిల్టర్ (కదలని అడ్డాల సిగ్నల్‌ని తీసేసే జల్లెడ) పూర్తిగా తీయలేదు, ఎక్కువ బిగిస్తే బీమ్‌కి అడ్డంగా వీచే అసలు గాలి కూడా ఎగిరిపోద్ది ఎందుకంటే దానికీ రాడార్ లెక్కలో వేగం సున్నానే. తోట మధ్యలో కాకుండా బండి బరువు ఆగే ఏటిగట్టు చూసుకోండి, కాస్త ఎలివేషన్ (బీమ్ పైకి చూసే కోణం) పెంచండి.

పెద్ద వాన వెనక ఏమీ లేదు

వాన సిగ్నల్‌ని మింగేసింది. అక్కడ గాలి లేదనుకోవద్దు, కొలత లేదు అని రాసుకోండి.

పది మీటర్ల స్తంభం మీది గాలి మీటర్‌తో కుదరట్లేదు

కుదరదు కూడా. అర డిగ్రీ పైకెత్తిన బీమ్ 50 కిలోమీటర్ల దగ్గర అర కిలోమీటరు పైనే ఉంటుంది, పైగా ఒక్క రాడార్ తనవైపు వచ్చే, పోయే భాగాన్నే కొలుస్తుంది. పూర్తి గాలి కావాలంటే రాజోలు దగ్గర ఒకటి, అమలాపురం దగ్గర ఇంకోటి పెట్టి కలిపి లెక్కగట్టాలి, ఆ రెండింటినీ కలిపే గీత మీద మాత్రం లెక్క పనిచేయదు.