స్టూడియో నెగటివ్‌లు ఫ్రీజర్‌లో పెట్టే ముందు

కావలిలో నాన్న స్టూడియో మూసేశాక నాలుగు ట్రంకు పెట్టెల నెగటివ్‌లు అటకెక్కాయి. మొన్న ఒకటి తెరిస్తే గోబీ మంచూరియా బండి దగ్గర కొట్టే వెనిగర్ వాసన. అంటే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ పాడవుతోందన్నమాట: వేడికీ తేమకీ అందులోంచి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌నీ తినేస్తుంది. 21 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలోనే సుమారు 40 ఏళ్లకి ఇది మొదలవుతుందని లెక్క, ఇక మే నెలలో మన అటకల సంగతి చెప్పాలా. చలిలో పెడితే బాగా నెమ్మదిస్తుంది, పోయింది మాత్రం తిరిగి రాదు.

ముందు వేరు చెయ్యండి. వాసన వచ్చేవి ఒక పక్క, రానివి ఇంకో పక్క, ఎందుకంటే ఒకదాని ఆవిరి రెండోదానికి అంటుతుంది. ఫిల్మ్ అంచున సేఫ్టీ అని ఉంటే నిప్పు భయం లేదు. అలా లేకుండా 1950ల ముందుదైతే నైట్రేట్ అనే, ఇట్టే అంటుకునే పాత రకం ఫిల్మ్ కావచ్చు, దాన్ని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టకండి, అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. పెద్ద సినిమా రీళ్లయితే పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లని అడగండి. గాజు ప్లేట్లు కూడా ఫ్రీజర్‌కి వద్దు.

అసలు శత్రువు తేమ. అందుకే సర్దే రోజు చూసుకోవాలి. కార్తీకంలో వానలు పడుతుంటే వద్దు. రోహిణి కార్తెలో వడగాలి కొట్టే పొద్దున, సముద్రపు గాలి తిరగకముందు, లేదా ఏసీ బాగా నడిచిన గదిలో ఒకట్రెండు రోజులు ఫిల్మ్ ఉంచి అప్పుడు సర్దండి. ఆమ్లం లేని కాగితం కవర్లలో పెట్టి, వాటిని అట్టపెట్టెలో, పెట్టెని గాలి నొక్కేసిన జిప్ బ్యాగులో, దాన్ని మళ్లీ ఇంకో బ్యాగులో. రెండు బ్యాగుల మధ్య తేమ చూపే కార్డు ఒకటి బయటికి కనపడేలా పెట్టండి, నీలం కార్డు గులాబీ రంగుకి తిరిగితే బ్యాగులోకి తేమ వచ్చినట్టే. లోపల ఏముందో పైన రాసేయండి, మళ్లీ మళ్లీ విప్పక్కర్లేదు. స్కానింగ్ కూడా పెట్టకముందే కానిచ్చేయండి.

మంచు గడ్డకట్టని రకం ఫ్రీజర్, మైనస్ 18 దగ్గర, చాలు. మా బావ రొయ్యల కోల్డ్ స్టోరేజీలో పెట్టిద్దాం అన్నాడు, ఉచితమే గానీ తడి, మనుషుల రాకపోకలు, అమ్మోనియా, ఒప్పుకోలేదు. ఇంట్లో కూడా నెల్లూరు చేపల పక్కన కాకుండా వేరే అర ఇమ్మని అమ్మతో గొడవ పడాల్సొచ్చింది.

తీసేటప్పుడే చాలామంది పాడు చేస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి చెమట పట్టినట్టే ఫిల్మ్‌కీ పడుతుంది, బొమ్మ ఉండే జెలటిన్ పొర ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోతుంది. అందుకని బ్యాగు విప్పకుండా గదిలో 24 గంటలు వదిలేయండి, ఎంత ఆత్రంగా ఉన్నా. తుఫానుకి రెండు రోజులు కరెంటు పోయినా ఇదే పద్ధతి: తలుపు తీయకండి, బ్యాగులు మూసే ఉంటే చెమట బయటే పడుతుంది, కరెంటొచ్చాక తుడిచి అలాగే ఉంచేయండి.