తాళం వేసిన ఇంట్లో కుక్కలుంటే

మిర్యాలగూడలో మా పక్కింటివాళ్లు రెండు కుక్కల్ని లోపలే వదిలేసి ఇల్లు ఖాళీ చేశారు. ఎవరికి చెప్పినా పట్టించుకోలేదు.

ముందు గేటు కింది సందులోంచి లోతు తక్కువున్న పళ్లెం తోసి, పైపుతో నీళ్లు పట్టాను. చిన్నది పళ్లెం ఎండేదాకా తల ఎత్తలేదు. తర్వాత పెరుగన్నం గుప్పెడు చొప్పున, గంటకోసారి. మాడిన కడుపుకు ఒక్కసారే ఎక్కువ పెట్టొద్దు.

తాళం, కుక్కలు, ఖాళీ గిన్నె కనిపించేలా నిమిషం వీడియో తీసి 100కి ఫోన్ చేయండి. 'కుక్కలు అరుస్తున్నాయి' అంటే వదిలేస్తారు. 'తిండీ నీళ్లూ లేకుండా వదిలేశారు, 1960 జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11' అనండి. నాకు ఆ మాటతోనే పని జరిగింది. తాళం మీరు పగలగొట్టొద్దు, పోలీసుల ఎదుటే తీయించాలి.

కుక్క లోపల గొలుసుతో కట్టేసి ఉంటే గేటు దగ్గరి నీళ్లు దానికి అందవు. అప్పుడు మొదటి ఫోనే 100కి.