పది నిమిషాల్లో చిత్తరంజన్ దాస్: మా మనవరాలికి నేర్పిన పద్ధతి

మద్రాసులో మా విల్లివాక్కంలో తెలుగువాళ్ళం ఏటా ఉగాదికి పిల్లలకు ఉపన్యాస పోటీ పెట్టుకుంటాం. మనిషికి పది నిమిషాలు. ఎనిమిదో నిమిషానికి ఒక గంట, పదికి రెండో గంట. రైలుపెట్టెలు చేసే కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా రిటైరయ్యాక పిల్లలతో ప్రాక్టీసు చేయించే పని నా మీద పడింది. ఈసారి చీటీలో మా మనవరాలికి చిత్తరంజన్ దాస్ పేరొచ్చింది. "తాతయ్యా, అది రైలింజన్లు చేసే ఊరు కదా?" అంది. ఊరికి ఆ పేరు ఈ బెంగాలీ స్వాతంత్ర్య నాయకుడిదే. డ్యూటీ మీద ఒకసారి అక్కడికి వెళ్ళొచ్చి, ఆ కబుర్లే ఇంట్లో వందసార్లు చెప్పాన్లెండి. మీ ఇంట్లోనూ ఇలాంటి పేరొస్తే ఇలా చేయించండి.

ముందు పుట్టిన తేదీ కొట్టేయండి. "1870 నవంబర్ 5న కలకత్తాలో జన్మించిన..." అనగానే ముందు వరసలోవాళ్ళు ఫోన్లు తీస్తారు. అప్పుతో మొదలుపెట్టించండి. దాస్ తండ్రి అటార్నీ. చేతికి ఎముక లేని మనిషి, దానికి తగ్గట్టే అప్పులు. 1906లో తండ్రీకొడుకులిద్దరూ ఐపీ పెట్టాల్సి వచ్చింది, అంటే కోర్టులో దివాలా ఒప్పుకోవడం. చట్టప్రకారం ఆ బాకీలు అక్కడితో సరి. కానీ కొడుకు బారిస్టరుగా నిలదొక్కుకుని, 1913లో ఆ పాత అప్పులన్నీ తీర్చేశాడు. ఐపీ పెట్టినవాడు వెతుక్కుంటూ వచ్చి బాకీ కట్టడం మనవాళ్ళెవరూ విని ఉండరు. ఈ మాట చెప్పాక పిల్లని రెండు సెకన్లు ఆగమనండి. మాది ఆగకుండా పరిగెడుతుంటే, మనసులో "ఒకటి, రెండు" అనుకోమన్నాను. ఇంట్లో మొదటిసారి పైకే అనేసింది.

తర్వాత కోర్టు. తెల్లదొరల మీద బాంబు కుట్ర అంటూ పెట్టిన అలీపూర్ బాంబు కేసులో అరవిందుడి తరఫున వాదించింది దాసే. రెండొందల పైచిలుకు సాక్షులు. 1909 మే 6న అరవిందుడు నిర్దోషిగా బయటికొచ్చాడు. ఇక్కడ పిల్లలకు నచ్చే తమాషా ఒకటుంది. జడ్జి బీచ్‌క్రాఫ్ట్, ముద్దాయి అరవిందుడు ఒకే ఏడు ఐసీఎస్ పరీక్ష, అంటే ఇప్పటి ఐఏఎస్‌లాంటిది, రాసినవాళ్ళు. గ్రీకులో ముద్దాయికే జడ్జి కంటే ఎక్కువ మార్కులు. అయినా గుర్రపు స్వారీ పరీక్షకు వెళ్ళక అరవిందుడికి ఉద్యోగం పోయింది. ఇక లాయరు దాస్ అదే ఐసీఎస్ తప్పి, బారిస్టరై తిరిగొచ్చినవాడు. ముగ్గురూ ఒకే కోర్టు హాల్లో! నీట్ కోచింగ్ టెన్షన్‌లో ఉన్న పిల్లలు హాలు నిండా ఉంటారు కాబట్టి, దీన్ని నిదానంగా చెప్పించండి.

మూడోది ప్రాక్టీసు వదిలేయడం. 1920 సెప్టెంబరులో కలకత్తా కాంగ్రెస్‌లో గాంధీగారి సహాయ నిరాకరణను దాస్ వ్యతిరేకించాడు. డిసెంబరులో నాగపూర్‌లో ఆ తీర్మానాన్ని తనే ప్రవేశపెట్టి, బోలెడంత ఆదాయమున్న ప్రాక్టీసుకు దండం పెట్టేశాడు. మనసు మార్చుకున్న సంగతి దాచకండి, మనిషి కనపడేది అక్కడే.

ఇక్కడే నేనొకసారి బోల్తాపడ్డాను. పెద్దల పోటీలో దాస్ గురించి మాట్లాడుతూ, మన మద్రాసు హైకోర్టులో బారిస్టరు ప్రాక్టీసు వదిలేసిన ప్రకాశం పంతులుగారిని పోలికకు తెచ్చాను. అక్కణ్ణించి సైమన్ కమిషన్, ప్యారీస్ కార్నర్, తుపాకీకి గుండె చూపించడం... మొదటి గంట కొట్టేసరికి దాస్ ఇంకా నాగపూర్‌లోనే ఉన్నాడు. పోలిక ఒక్క వాక్యం దాటనివ్వకండి.

మనవాళ్ళ కోసం ఒక నిమిషం కాకినాడకు ఉంచండి. గయ కాంగ్రెస్‌కు అధ్యక్షుడై ఉండి కూడా దాస్, కాంగ్రెస్ బహిష్కరించిన శాసనసభల్లోకి వెళ్దామన్న మాట నెగ్గించుకోలేక, 1923 మొదట్లో మోతీలాల్ నెహ్రూతో కలిసి స్వరాజ్ పార్టీ పెట్టాడు. ఆ ఏడాది చివర బెంగాల్‌లో ముస్లింలకు సీట్లలో, ఉద్యోగాల్లో వాటా ఇస్తూ ఒప్పందం చేసుకున్నాడు. దాన్ని కాంగ్రెస్ తోసిపుచ్చింది మన కాకినాడ సభలోనే. ఊరి పేరు వినగానే వెనక వరస కూడా తలెత్తుతుంది.

మిగతావి చకచకా: 1924లో కలకత్తా మేయరు, కింద ముఖ్య కార్యనిర్వహణాధికారిగా సుభాష్ బోస్, 1925 జూన్ 16న డార్జిలింగ్‌లో మరణం.

మద్రాసులో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. మాది తమిళ లిపిలో రాసుకుంది; అందులో 'ద'కీ 'ధ'కీ ఒకే అక్షరం కాబట్టి దాస్ బిరుదు "దేశబంధు" కాస్తా "దేశబందు" అని వచ్చింది. అందుకే కాగితం లాగేసుకుని, అరచేతంత కార్డు మీద నాలుగు సంవత్సరాలు మాత్రం వేసిచ్చాను: 1906, 1913, 1920, 1923. మిగతాది నోటితోనే. బిరుదులు కూడా పది సార్లు అనిపించండి. దేశబంధు దాస్, దేశభక్త కొండా వెంకటప్పయ్య, దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులు. టెన్షన్‌లో కలిసిపోయేవి ఇవే.

ముగింపుకు దాస్ దేశానికిచ్చేసిన ఇల్లు ఆసుపత్రి అయిందని కొందరు చెప్పిస్తారు, అదీ బావుంటుంది. నేను మాత్రం రైలింజనే పెట్టించాను. 1950లో చిత్తరంజన్ కార్ఖానా నుంచి బయటికొచ్చిన మొదటి ఆవిరి ఇంజన్‌కి 'దేశబంధు' అని పేరు పెట్టారు. ఆ మాట మొదటి గంటకు ముందే పడేలా, గడియారం ఎదురుగా పెట్టుకుని ఏడు సార్లు చెప్పించాను. ఎనిమిదోసారికి మా ఆవిడే వంటింట్లోంచి అందించడం మొదలుపెట్టింది.