డీజిల్ పికప్‌లో క్రూయిజ్ కంట్రోల్ పనిచేయకపోతే లోపం ఎలా పట్టుకోవాలి?

బరంపురం, ఇచ్ఛాపురం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటల తరబడి ఒకే వేగంతో నడిచే పికప్‌కి, యాక్సిలరేటర్ తొక్కకుండానే సెట్ చేసిన వేగాన్ని నిలిపే క్రూయిజ్ కంట్రోల్ బాగా అక్కరకొస్తుంది. అది మొరాయిస్తే చాలామంది వెంటనే ‘ఈసీఎం పోయింది’ అని తేల్చేస్తారు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటరే ఈసీఎం, అది పోవడం అరుదు. ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి ఇప్పటి బండ్లలో క్రూయిజ్‌కంటూ విడిగా మోటారో కేబులో ఉండదు. యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీఎం ఇంజెక్టర్లకు డీజిల్ వదులుతుంది. క్రూయిజ్ వేస్తే పెడల్‌కు బదులు మీరు సెట్ చేసిన వేగాన్ని చూసి అదే పని చేస్తుంది. కాకపోతే ముందు దానికి కొన్ని సంకేతాలు సరిగ్గా అందాలి: బ్రేకు తొక్కలేదు, క్లచ్ తొక్కలేదు, బండి ఇంత వేగంలో ఉంది, ఇంజిన్‌లోగానీ ఏబీఎస్‌లోగానీ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) లోపం లేదు. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా క్రూయిజ్ ఒప్పుకోదు. అడ్డుపడేది ఎక్కువగా బ్రేకు స్విచ్చి, లేదంటే వెనక లైట్ల వైరింగు. అందుకే వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ముందు లక్షణం గమనించండి

చాలా బండ్లలో సుమారు 40 కి.మీ. వేగం దాటితేగానీ క్రూయిజ్ సెట్ కాదు. వేగం చాలినా పనిచేయకపోతే అప్పుడు కింది వాటిలో ఏది మీ బండికి సరిపోతుందో చూడండి.

- మెయిన్ బటన్ నొక్కినా మీటర్లో క్రూయిజ్ గుర్తు రాదు: ఫ్యూజు, స్టీరింగ్ బటన్లు, క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరిగినా బటన్లకూ ఎయిర్‌బ్యాగ్‌కూ కనెక్షన్ తెగకుండా ఉంచే చుట్టల కేబులు). హారన్ కూడా మోగకపోయినా, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతున్నా క్లాక్ స్ప్రింగ్‌నే అనుమానించాలి.
- గుర్తు వస్తుంది, సెట్ కాదు: బ్రేకు స్విచ్చి, క్లచ్ స్విచ్చి, వీల్ స్పీడ్ సెన్సర్. చెక్ ఇంజిన్ లైటో ఏబీఎస్ లైటో వెలుగుతుంటే ముందు దాని సంగతి చూడాలి.
- గతుకులో పడగానే వదిలేస్తుంది: బ్రేకు స్విచ్చి సర్దుబాటు, వదులైన కనెక్టర్.
- పగలు బాగుంటుంది, హెడ్‌లైట్లు వేస్తే పడిపోతుంది: వెనక లైట్ల ఎర్తు (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారి).
- బ్రేకు తొక్కినా వదలదు: ఇది ఆషామాషీ కాదు. బాగయ్యేదాకా మెయిన్ బటన్ ఆన్ చేయవద్దు. రోడ్డు మీద ఉండగా ఇలా జరిగితే బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి. నడుస్తున్న బండిలో తాళం పూర్తిగా తిప్పేయకూడదు, స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది.

1. వెనక లైట్లు

పికప్ కొన్నాక బాడీ కట్టించేటప్పుడు అదనపు లైట్లకు వైరు గీకి, జాయింట్ వేసి, టేపు చుట్టడం మామూలే. గోపాల్‌పూర్, చిలికా వైపు నుంచి చేపల లోడు మోసే బండ్లలో ట్రేల నుంచి కారే ఉప్పునీళ్లు నేరుగా ఆ జాయింట్ల మీద పడతాయి. టేపు లోపల రాగి పచ్చబడి పొడిపొడి అవుతుంది. బయటికి చూస్తే మాత్రం వైరు నిక్షేపంలా కనిపిస్తుంది.

పార్కింగ్ లైట్లు వేసి, బ్రేకు తొక్కకుండా, వెనక లైటు హోల్డర్‌లో బ్రేకు వైరు దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. సున్నా ఉండాలి. రెండు మూడు వోల్టులు చూపిస్తే ఎర్తు సరిగ్గా లేదని అర్థం. పార్కింగ్ కరెంటు కిందికి దిగే దారి లేక, రెండు ఫిలమెంట్ల బల్బులో రెండో ఫిలమెంటు గుండా బ్రేకు వైరులోకి ఎదురెక్కుతుంది. ఈసీఎం దాన్ని చూసి బ్రేకు తొక్కారనుకుంటుంది. రాత్రిపూట మాత్రమే క్రూయిజ్ పడిపోవడానికి ఇదే కారణం. ఎర్తు బాగుందో లేదో తేల్చాలంటే లైట్లు వేసి ఉంచి హోల్డర్ ఎర్తుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. 0.2 వోల్టులు మించితే ఎర్తు బోల్టు విప్పి, రంగూ తుప్పూ పోయేలా ఉప్పుకాగితంతో రుద్ది బిగించాలి. పాడైన జాయింట్లు కోసేసి టంకం పెట్టి, హీట్ ష్రింక్ ట్యూబు వేయండి. మళ్లీ టేపే చుడితే వచ్చే వానాకాలానికి కథ మొదటికొస్తుంది.

బల్బు కూడా సరైనదే ఉండాలి. 21/5 వాట్ల బల్బు పెట్టాల్సినచోట ఒకే ఫిలమెంటు బల్బు దూర్చినా ఇదే తంతు. ఎల్‌ఈడీ వేయించాక క్రూయిజ్ పోయిందంటే పాత ఫిలమెంటు బల్బులు తిరిగి పెట్టి చూడండి. కొన్ని బండ్లలో ఈసీఎం బ్రేకు బల్బు గుండానే ఎర్తు చూసుకుంటుంది. ఎల్‌ఈడీ దాన్ని ఇవ్వలేదు.

2. బ్రేకు స్విచ్చి, క్లచ్ స్విచ్చి

టార్చి పట్టుకుని బ్రేకు పెడల్ పైభాగం చూడండి. పెడల్ చేయికి ఉన్న రంధ్రంలో ఒక చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, స్విచ్చి పిన్ను దాన్నే నొక్కి ఉంటుంది. ఏళ్ల వేడికి అది పెళుసై పగులుతుంది. పిన్ను ఆ రంధ్రంలోంచి బయటికి పొడుచుకొస్తుంది, బ్రేకు లైట్లు ఆరకుండా వెలుగుతుంటాయి, క్రూయిజ్ సెట్ కాదు. కాళ్ల కింద మ్యాటు మీద ముక్కలు రాలి ఉన్నాయేమో చూస్తే సగం పరీక్ష అయిపోయినట్టే. కొత్త బిళ్ల చవక. అది దొరికేదాకా ఆ రంధ్రంలో పలుచటి తల ఉన్న బోల్టు, వాషర్, నట్టు బిగించి నడపొచ్చు.

బిళ్ల బాగుంటే స్విచ్చి కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. నాలుగు పిన్నుల స్విచ్చిలో రెండు జతలుంటాయి. పెడల్ వదిలి ఉన్నప్పుడు లైటు జత బీప్ ఇవ్వకూడదు, క్రూయిజ్ జత ఇవ్వాలి. తొక్కితే సరిగ్గా దీనికి తిరగబడాలి. బ్రేకు లైట్లు వెలుగుతున్నాయి కదా, స్విచ్చి బాగున్నట్టేననుకోవడం మెకానిక్కులు కూడా చేసే పొరపాటు. లైటు జత బాగుండి రెండో జత కాలిపోవడం తరచూ జరుగుతుంది.

మర తిప్పి సర్దే రకమైతే పిన్ను చుట్టూ ఉన్న మరకీ బిళ్లకీ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు ఉంచండి. మీ మోడల్‌కి అసలు అంకె సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. మరీ లోపలికి బిగిస్తే పెడల్ పూర్తిగా పైకి రాదు, బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలతాయి. బిగించాక కొంత దూరం నడిపి చక్రాల వేడి చూడటం మరవొద్దు. క్లచ్ స్విచ్చినీ ఇలాగే పరీక్షించాలి. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే మాత్రం ఏ స్విచ్చి మార్చినా లాభం లేదు.

3. స్కానర్

ఇక్కడి దాకా దొరక్కపోతే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టండి. పీ0571, పీ0504 వస్తే బ్రేకు స్విచ్చి. పీ0704 అంటే క్లచ్ స్విచ్చి. పీ0500 వేగం సంకేతం. పీ0564 నుంచి పీ0568 దాకా స్టీరింగ్ మీది క్రూయిజ్ బటన్ల వైపు. పీ2138 వస్తే యాక్సిలరేటర్ పెడల్‌లోని రెండు సెన్సర్లకు పొంతన కుదరడం లేదు. కోడ్‌ని చూసి విడిభాగం కొనేయకండి, కోడ్ సర్క్యూట్‌ని చూపిస్తుంది. స్కానర్‌లో అప్పటికప్పుడు కనిపించే లైవ్ డేటాలో పెడల్ తొక్కుతూ వదులుతూ, కనెక్టర్‌ని చేత్తో కదుపుతూ చూస్తే లోపం ఎక్కడో తెలుస్తుంది.

చక్రాల వేగం చూడాలంటే ఏబీఎస్‌ని కూడా చదివే స్కానర్ కావాలి. 30 కి.మీ. వేగంతో తిన్నగా నడుపుతుంటే నాలుగు చక్రాలూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి సున్నాకి పడిపోతుంటే సెన్సర్ మీద కోరాపుట్ ఎర్రమట్టి పేరుకుందేమో, వెనక కమాను కట్టల దగ్గర వైరు ఒరుసుకుందేమో చూడండి. ఈమధ్యే బేరింగ్ మార్పించి ఉంటే, కొత్తది తిరగేసి బిగించి ఉండొచ్చు. అయస్కాంతపు రింగు ఉన్న వైపు సెన్సర్ వైపుకే ఉండాలి.

4. క్లాక్ స్ప్రింగ్

స్టీరింగ్ తిప్పినప్పుడే క్రూయిజ్ పోతూ వస్తూ ఉంటే లైవ్ డేటాలో బటన్ స్థితి చూస్తూ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పండి. మధ్యలో సంకేతం మాయమైతే క్లాక్ స్ప్రింగ్ మార్చాల్సిందే. దీనికి ఎయిర్‌బ్యాగ్ విప్పాలి. బ్యాటరీ మైనస్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే చేయి పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్‌కి మల్టీమీటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకూడదు. అనుభవం లేకపోతే ఈ ఒక్క పనీ సర్వీస్ సెంటర్‌కి వదిలేయండి.

ఘాట్‌లో పడిపోవడం లోపం కాదు

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఎక్కేటప్పుడు లోడు బండి వేగం సెట్ చేసినదానికంటే బాగా తగ్గిపోతే క్రూయిజ్ తనంతట తానే తప్పుకుంటుంది. ఘాట్‌లో దాన్ని వాడనేకూడదు. చదును రోడ్డు మీద కూడా వేగం నిలబెట్టుకోలేకపోతే డీజిల్ ఫిల్టర్, అందులో చేరిన నీరు, టర్బో గొట్టాల లీకు చూడండి.

చివరి పరీక్ష

కోడ్‌లు తుడిచి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, పొడిగా ఉన్నప్పుడు 60 దగ్గర సెట్ చేయండి. బ్రేకు కొద్దిగా తాకితే చాలు, క్రూయిజ్ వదిలేయాలి. తర్వాత క్లచ్‌తో, ఆ తర్వాత క్యాన్సిల్ బటన్‌తో విడివిడిగా చూడండి. హెడ్‌లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు వేసి ఇదంతా మళ్లీ చేయాలి. ఏబీఎస్ లోపాలు కొన్ని బండి కాసేపు నడిచాకే సరైనట్టు తేలతాయి కాబట్టి, మొదటి కిలోమీటరులో సెట్ కాకపోతే కంగారుపడి మళ్లీ విప్పకండి.