పాడ్‌కాస్ట్‌లో ఫ్యాన్ హోరు పోవాలంటే

మా షాపు పాడ్‌కాస్ట్ ఇంట్లోనే ఫోన్‌లో రికార్డ్ చేస్తాను, వినేటప్పుడు చూస్తే ప్రతిసారీ వెనక ఫ్యాన్ హోరే. ఇప్పుడు రికార్డింగ్ మొదలుపెట్టాక 10 సెకన్లు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటున్నా. తర్వాత ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే కంప్యూటర్ ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రికార్డింగ్ తెరిచి, ఫ్యాన్ హోరు ఒక్కటే ఉన్న ఆ 10 సెకన్ల ముక్కను సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిడక్షన్ తెరిచి గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కాలి, ఆపైన మొత్తం ఆడియో సెలెక్ట్ చేసి మళ్లీ అదే తెరిచి నాయిస్ రిడక్షన్ అంకె దగ్గర 12 డీబీ (డెసిబెల్స్) పెట్టి ఓకే కొడితే హోరు చాలావరకు తగ్గిపోతుంది. మరీ పెంచితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, పెంచకండి. మధ్యలో ఫ్యాన్ స్పీడ్ మార్చకూడదు. ఒకే తీరున సాగే శబ్దానికే ఇది పనికొస్తుంది. హారన్లు, కుక్కర్ విజిల్, పక్కగది మాటలు దీంతో పోవు, అవి పడిన వాక్యం మళ్లీ చెప్పి రికార్డ్ చేయాల్సిందే.